పేపర్ మోడల్‌కి ఎన్ని జీఎస్ఎం కాగితం తీసుకోవాలి?

ముక్కల్ని ప్రింట్ తీసి, కోసి, మడిచి, అతికించి బొమ్మ చేసుకునే పేపర్ మోడల్ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోగానే వచ్చే మొదటి ప్రశ్న ఇదే. ఒకరు 160 అంటారు, ఇంకొకరు 200 అంటారు, మరొకరు 300 ఐవరీ (గట్టి కార్డు లాంటి కాగితం) లేకపోతే మోడల్ నిలబడదంటారు. ముగ్గురూ తాము చేసిన మోడల్ వరకు సరిగ్గానే చెప్తున్నారు, కాకపోతే మీరు చేయబోయే మోడల్ ఏంటో వాళ్లకి తెలియదు.

నేను చెప్పేది ఒకటే. మోడల్ మొత్తం ఎంత పెద్దదో చూసి కాగితం కొనకండి. ముందు అందులో అన్నిటికంటే సన్నటి గొట్టం ఏదో, అన్నిటికంటే చిన్న మడత ఎక్కడుందో వెతకండి. కాగితం ఎంత మందం దాటకూడదో ఆ ముక్క చెప్తుంది. తర్వాత అన్నిటికంటే వెడల్పైన బల్లపరుపు ముక్క చూడండి, కాగితం కనీసం ఎంత మందం ఉండాలో అది చెప్తుంది. రెండూ ఒకే కాగితంతో కుదిరితే మంచిదే. కుదరకపోతే ఒకే మోడల్‌లో రెండు రకాల కాగితం వాడండి, అందులో తప్పేమీ లేదు, బాగా చేసేవాళ్లు చాలామంది చేసేది అదే.

జీఎస్ఎం అసలు ఏం చెప్తుంది

ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్ఎం. అంటే అది బరువు, మందం కాదు. మామూలుగా బరువు పెరిగితే మందం కూడా పెరుగుతుంది కాబట్టి మనం రెండిటినీ ఒకటిగానే మాట్లాడుకుంటాం. జిరాక్స్‌కి వాడే 75, 80 జీఎస్ఎం కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది, 160 నుంచి 170 మధ్యది సుమారు 0.2 మి.మీ., 220 దాటితే పావు మి.మీ. దగ్గరకి వస్తుంది. అయితే పైన నున్నటి పూత వేసి గట్టిగా నొక్కి చేసిన ఆర్ట్ కార్డ్ ఇదే బరువులో ఇంకా పల్చగా ఉంటుంది, పూత లేని ఐవరీ, కార్ట్రిడ్జ్ షీట్ల లాంటివి అదే బరువుకి కాస్త ఉబ్బుగా, మందంగా ఉంటాయి. కాబట్టి 300 ఆర్ట్ కార్డ్, 300 ఐవరీ రెండూ చేతిలో పట్టుకుంటే ఒకటే కాదు.

షాపులో చార్ట్ పేపర్, డ్రాయింగ్ షీట్ అడిగితే చాలాసార్లు దాని మీద జీఎస్ఎం రాసి ఉండదు, షాపతనికీ తెలియదు. దానికి తేలికైన దారి ఉంది. ఏ4 కాగితాలు 16 పక్కపక్కనే పరిస్తే ఒక చదరపు మీటరు అవుతుంది. అందుకే 80 జీఎస్ఎం ఏ4 షీటు 5 గ్రాములు, 160ది 10 గ్రాములు తూగుతుంది. వంటింట్లో డిజిటల్ కాటా ఉంటే ఏ4 షీట్లు పది పెట్టి, వచ్చిన గ్రాముల్ని 1.6తో గుణించండి, అదే జీఎస్ఎం. ఒకే పెద్ద డ్రాయింగ్ షీటు ఉంటే దాన్ని నాలుగు ఏ4లుగా కత్తిరించి, నాలుగూ కలిపి తూచి, 4తో గుణించండి. ఒక్క షీటునే తూచొద్దు, గ్రాము తేడా వస్తే లెక్క 16 జీఎస్ఎం పక్కకి పోతుంది.

ఇంకో చిక్కు అమెరికా వాళ్ల మోడళ్లతో వస్తుంది. వాళ్లు జీఎస్ఎం రాయరు, పౌండ్లలో రాస్తారు, అది కూడా కాగితం రకాన్ని బట్టి మారుతుంది. 65 పౌండ్ల కవర్ అంటే దాదాపు 176 జీఎస్ఎం, 110 పౌండ్ల ఇండెక్స్ అంటే దాదాపు 199, 20 పౌండ్ల బాండ్ అంటే మన 75 జీఎస్ఎం జిరాక్స్ కాగితమే. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది పౌండ్ల అంకె పక్కనున్న మాట. 80 పౌండ్ల టెక్స్ట్ అంటే 118 జీఎస్ఎం, అదే 80 పౌండ్ల కవర్ అంటే 216. అంకె ఒకటే, కాగితం మాత్రం దాదాపు రెట్టింపు. 110 చూసి మన దగ్గర 110 జీఎస్ఎం కొంటే మోడల్ చేతిలో మెత్తగా వేలాడుతుంది.

కొంచెం మందం పెరిగితే అంత తేడా ఎందుకు

120 జీఎస్ఎంకీ 160కీ పెద్ద తేడా ఏముంటుందిలే అనుకుంటాం. చాలా తేడా ఉంటుంది. కాగితం వంగకుండా ఎంత బిగువుగా నిలబడుతుందనేది దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే బిగువు దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది. 120 నుంచి 160కి వెళ్లినా బిగువు రెండింతలు దాటుతుంది. గోడ నిలబడాలంటే ఇది మనకి మంచిదే, అదే కాగితాన్ని సన్నటి గొట్టంగా చుట్టాలంటే మాత్రం అదే బిగువు మనకి అడ్డం తిరుగుతుంది. చుట్టిన గొట్టం విచ్చుకుంటూ ఉంటుంది, జిగురు ఆరేదాకా వేళ్లతో పట్టుకుని కూర్చోవాలి, ఆరాక కూడా అతుకు దగ్గర గుండ్రంగా రాకుండా కోసుగా నిలబడుతుంది.

మందం వల్ల కొలత కూడా తప్పుతుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫైల్ గీసినవాళ్లు కాగితానికి అసలు మందమే లేదన్నట్టు గీస్తారు, లేదా ఏదో ఒక మందం మనసులో పెట్టుకుని గీస్తారు. మీరు పావు మి.మీ. కాగితం వాడితే, అతికే పట్టీ మీద ఇంకో పొర కూర్చుంటుంది కాబట్టి, ఒక అతుకు దగ్గరే అర మి.మీ. లేస్తుంది. పది సెంటీమీటర్ల గోడలో అర మి.మీ. కంటికి కనబడదు. ఒక సెంటీమీటరు పెట్టెలో అది ఇరవయ్యో వంతు, మూత పట్టదు. పెద్ద ముక్కలన్నీ చక్కగా కుదిరి చిన్న ముక్కలు మాత్రం ఒకదాంట్లో ఒకటి దూరకపోతే మీ కత్తిరింపు బాగాలేదని బాధపడకండి, చాలాసార్లు కారణం కాగితమే.

ఒక మోడల్ తీసుకుని చూద్దాం

ప్రింటర్ల కంపెనీ కెనాన్ వాళ్ల వెబ్‌సైట్ క్రియేటివ్ పార్క్‌లో ఉచితంగా దొరికే కట్టడాల మోడళ్లలో తాజ్‌మహల్ ఉంది. మన వాళ్లు చాలామంది పిల్లల ప్రాజెక్టుకనో, ఇంట్లో పెట్టుకోవడానికో దాన్నే మొదట ఎంచుకుంటారు. ఆ కట్టడం ఆకారంలోనే ఈ విషయమంతా ఉంది కాబట్టి దాని మీదే చెప్తాను.

మధ్య కట్టడం గోడలు పెద్దగా, చదునుగా ఉంటాయి, ముందు వైపు పెద్ద తోరణం లోపలికి వెళ్తుంది. వీటికి 160 నుంచి 180 జీఎస్ఎం సరిగ్గా సరిపోతుంది. మడత పదునుగా వస్తుంది, గోడ లోపలికి కుంగదు. కెనాన్ సొంత మ్యాట్ (మెరుపు లేని) ఫోటో పేపర్ కూడా 170 జీఎస్ఎమే, వాళ్ల మోడళ్లకి ఆ బరువు హాయిగా కుదురుతుంది. మీకు ఆ కాగితం దొరక్కపోయినా, ఖరీదు అనిపించినా, అదే బరువులో ఇంక్‌జెట్‌కి పనికొచ్చే ఏ మ్యాట్ కాగితమైనా తీసుకోవచ్చు.

గుమ్మటం దగ్గర కథ మారుతుంది. గుమ్మటాన్ని కాగితంతో చేయాలంటే రేకుల్లాంటి ముక్కలు కోసి వాటిని వంచి అంచు అంచు కలపాలి. కాగితం ఒక వైపుకే వంగుతుంది, ఒకేసారి రెండు వైపులా వంగదు. రేకులు ఎంత సన్నగా ఉంటే, కాగితం ఎంత పల్చగా ఉంటే గుమ్మటం అంత గుండ్రంగా కనబడుతుంది. పెద్ద గుమ్మటానికి 160 దాటొద్దు, 120 అయితే ఇంకా బాగుంటుంది. పైన ఉండే చిన్న ఛత్రీల (స్తంభాల మీద నిలబడే చిన్న మండపాల) గుమ్మటాలకి 100 చాలు. రేకుల్ని వెనక నుంచి కలిపే పట్టీలు ఉంటే వాటిని మామూలు జిరాక్స్ కాగితంతో కోసుకోండి, అప్పుడు అతుకు దగ్గర గట్టు లేవదు.

మినార్లు నాలుగూ సన్నగా, పైకి పోయేకొద్దీ ఇంకా సన్నబడే గొట్టాలు. ఇక్కడ మందం కాగితం వాడితే నాలుగూ నాలుగు రకాలుగా వస్తాయి. గొట్టం అడ్డకొలత సెంటీమీటరు దగ్గరుంటే 160 కాగితాన్ని కష్టపడి చుట్టొచ్చు, అంతకంటే సన్నమైతే 100 నుంచి 120కి దిగండి, నాలుగైదు మి.మీ. లోపలైతే 80 జీఎస్ఎం తప్ప వేరే దారి లేదు. చుట్టేముందు కాగితాన్ని బల్ల అంచు మీద నుంచి మెల్లగా లాగండి, లేదా రీఫిల్, స్క్రూడ్రైవర్ లాంటి గుండ్రటి కడ్డీ మీద పొర్లించండి, దానంతట అదే కొంచెం చుట్టుకుంటుంది. ఆ తర్వాతే జిగురు.

ఇక అడుగు వేదిక. వెడల్పుగా, పల్చగా ఉండే పెట్టె. చాలామంది దీనికోసమే 300 జీఎస్ఎం వైపు వెళ్లి, ఆ ఒక్క ముక్క కోసం మోడల్ మొత్తాన్ని 300 మీద ప్రింట్ తీస్తారు. అక్కర్లేదు. వేదికని కూడా 170 మీదే తీసి లోపల అట్ట పెట్టండి. స్వీట్ బాక్స్ అట్ట, కొత్త చొక్కా మడతలో వచ్చే అట్ట, నోట్‌బుక్ వెనక అట్ట, ఏదైనా సరే. అట్ట పట్టీల్ని సగం దాకా గాట్లు పెట్టి ఒకదాంట్లో ఒకటి దూర్చి గడులుగా నిలబెట్టండి, పైన కాగితం పరిస్తే చెయ్యి పెట్టి నొక్కినా కుంగదు. బలం లోపలి చట్రం నుంచి రావాలి, పైన కనబడే కాగితం పైపైన చర్మంలా ఉంటే చాలు. పోలండ్‌లో 1957 నుంచి వచ్చిన మావీ మోడెలాష్ లాంటి పత్రికల్లో ఓడల మోడళ్లు చూస్తే ఇదే పద్ధతి. లోపల మందపాటి అట్టతో పక్కటెముకలు, పైన మామూలు మందం కాగితం. మీటరు దగ్గర పొడవుండే యుద్ధనౌకలు కూడా అలాగే నిలబడతాయి.

పెంచినా, తగ్గించినా

మోడల్‌ని చిన్నది చేసి ప్రింట్ తీస్తే కాగితం కూడా అదే నిష్పత్తిలో పల్చబడాలి. పోలండ్ విమానాల మోడళ్లు ఎక్కువగా 1:33 స్కేలులో, అంటే అసలు విమానంలో 33వ వంతు సైజులో వస్తాయి. దాన్ని ప్లాస్టిక్ మోడళ్ల పక్కన పెట్టుకోవడానికి 1:72కి తగ్గించారనుకోండి, సైజు 46 శాతానికి దిగుతుంది. 160 జీఎస్ఎం మీద గీసిన మోడల్‌కి ఇప్పుడు 75 చాలు, అంటే మామూలు జిరాక్స్ కాగితం. లోపల 1 మి.మీ. అట్ట పెట్టమని రాసి ఉంటే అది అర మి.మీ. అవ్వాలి. ఇది మర్చిపోయి తగ్గించిన మోడల్‌ని కూడా 160 మీదే తీస్తే చక్రాలు, తుపాకీ గొట్టాలు, కాక్‌పిట్ లోపలి ముక్కలు చేయడం నరకం.

పెంచితే దీనికి తిరగేసి చేయాలి, కానీ అక్కడ అంత ఖచ్చితంగా ఉండక్కర్లేదు. రెండింతలు పెంచితే 160 కాస్తా 300 పైకి పోవాలని లెక్క చెప్తుంది, నేను మాత్రం 220, 230 దగ్గర ఆగి మిగతా బలం లోపలి అట్టతో తెచ్చుకోమంటాను, ఎందుకంటే 250 దాటాక మడతలు పదునుగా రావు, పగులుతాయి, కత్తి ఒకటికి మూడుసార్లు తిప్పాల్సి వస్తుంది.

గోడకి తగిలించే పులి తల, జింక తల లాంటి పలకల బొమ్మలు, తలకి పెట్టుకునే హెల్మెట్లు వేరే జాతి. వాటిల్లో గుండ్రటి ముక్కలుండవు, అన్నీ తిన్నని మడతలే, ముక్కలూ పెద్దవి. వాటికి 200 నుంచి 250 సుఖంగా ఉంటుంది. పెపకురా (3డీ బొమ్మని కాగితం ముక్కలుగా విప్పి ఇచ్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్లతో హెల్మెట్ చేసి పైన రెజిన్ పూసేవాళ్లు కూడా ఈ మందమే వాడాలి, పల్చటి కాగితం రెజిన్ తడికి వంకర పోయిందంటే ఆ వంకర అలాగే గట్టిపడిపోతుంది.

పోగు ఎటు పోతోందో చూడండి

జీఎస్ఎం సరిగ్గా కొన్నా గొట్టం సరిగ్గా రాకపోవడానికి సగం కారణం ఇదే. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జులోని పోగులు మిషన్ నడిచే దిక్కుకే ఎక్కువగా పడుకుంటాయి. దాన్నే గ్రెయిన్ అంటారు. ఆ పోగుల పొడవునా కాగితం బిగువుగా, దాదాపు రెట్టింపు గట్టిగా ఉంటుంది, వాటికి అడ్డంగా మెత్తగా ఉంటుంది. కాబట్టి గొట్టం పొడవు పోగు దిక్కుకే ఉండేలా చుట్టాలి, అప్పుడు తేలిగ్గా, గుండ్రంగా చుట్టుకుంటుంది. పోగుకి అడ్డంగా చుడితే మధ్యమధ్యలో ముడతలు, విరుపులు వస్తాయి. మడత కూడా పోగు వెంట నున్నగా వస్తుంది, అడ్డంగా అయితే అంచు పొరలు పొరలుగా లేస్తుంది, మందపాటి కాగితంలో ఇది బాగా కనబడుతుంది.

కనుక్కోవడం తేలికే. షీటుని మడవకుండా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి సగానికి వంచి అరచేత్తో మెల్లగా నొక్కండి. ఎటు తేలిగ్గా వంగిందో, ఆ వంపు గీత వెంటే పోగు ఉంది. ఇంకా అనుమానంగా ఉంటే మూలలో చింపి చూడండి, పోగు వెంట చిరుగు తిన్నగా పోతుంది, అడ్డంగా వంకరటింకరగా పోతుంది. ఏ4 జిరాక్స్ కాగితంలో పోగు మామూలుగా పొడవు వెంటే ఉంటుంది. చార్ట్ షీటుని మనమే ఏ4గా కత్తిరించుకున్నప్పుడు మాత్రం ఎటు కత్తిరించామో దాన్ని బట్టి మారిపోతుంది, అందుకని కత్తిరించే ముందే చూసుకుని పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టుకోండి.

ఫైల్‌లో ముక్కలన్నీ ఒకే దిక్కుకి ఉండవు, జాగా కలిసొస్తుందని అటూ ఇటూ తిప్పి పెడతారు. మినార్ ఒకటి నిలువుగా, ఇంకోటి అడ్డంగా ఉంటే ఆ పేజీ రెండు కాపీలు తీయడమో, ఆ ముక్కని ఎడిటింగ్‌లో తిప్పుకోవడమో చేయండి. ఒక షీటు ఎక్కువైనా నష్టం లేదు.

ప్రింటర్ ఒప్పుకోవాలి కదా

మీరు ఎంత బాగా ఆలోచించి కాగితం తెచ్చినా ప్రింటర్ లోపలికి తీసుకోకపోతే ఏం లాభం. మీ ప్రింటర్ మాన్యువల్‌లో ఎన్ని జీఎస్ఎం దాకా తీసుకుంటుందో రాసి ఉంటుంది, కాగితం కొనే ముందు అది చూడండి. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడే లేజర్ ప్రింటర్లు చాలావాటికి 163 జీఎస్ఎం దగ్గర హద్దు ఉంటుంది. ఇంక్‌జెట్‌లో కాగితం వెనక నుంచి నిలబెట్టి పెట్టేది అయితే దారి తిన్నగా ఉంటుంది కాబట్టి మందపాటి కాగితం బాగా తీసుకుంటుంది. కింద ట్రేలో పెట్టేది అయితే కాగితం లోపల యూ ఆకారంలో తిరిగి రావాలి, 200 జీఎస్ఎం అక్కడ ఇరుక్కోవడమో, వంపు తిరిగి రావడమో జరుగుతుంది. లేజర్‌లో చేత్తో ఒక్కొక్కటి పెట్టే చోటు, వెనక తెరుచుకునే తలుపు ఉంటే రెండూ వాడండి, దారి తిన్నగా అవుతుంది.

సెట్టింగ్స్‌లో కాగితం రకం మార్చడం మర్చిపోకండి. లేజర్‌లో మందపాటి కాగితం అని పెడితే మిషన్ నెమ్మదిగా నడిచి టోనర్‌ని బాగా కరిగించి అతికిస్తుంది, మామూలు కాగితం అనే వదిలేస్తే మడత పెట్టగానే రంగు పొడిలా రాలుతుంది. సరిగ్గా పెట్టినా లేజర్ రంగు మడత దగ్గర కొంచెం పగులుతుంది, మందం పెరిగేకొద్దీ ఎక్కువ పగులుతుంది. ముదురు రంగుల మోడల్‌ని లేజర్‌లో తీస్తుంటే ఇది కూడా మందం తగ్గించడానికి ఒక కారణం. ఇంక్‌జెట్‌లో మడత బాగుంటుంది కానీ తడి జిగురు తగిలితే చాలా ఇంకులు పాకుతాయి, కోయక ముందే పారదర్శకమైన వార్నిష్ స్ప్రే పల్చగా కొట్టి ఆరనిస్తే నిశ్చింత. ఆర్ట్ కార్డ్ మాత్రం ఇంక్‌జెట్‌లో వద్దు, అది ప్రెస్సుల కోసం చేసినది, ఇంకు లోపలికి ఇంకదు, ఎంతసేపైనా వేలికి అంటుతూనే ఉంటుంది.

ఇంట్లో ప్రింటర్ లేకపోతే కలర్ జిరాక్స్ షాపుకి వెళ్లండి, వాళ్ల పెద్ద మిషన్లు 300 దాకా కూడా తీసుకుంటాయి. అక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఒకటి, సైజు 100 శాతం, ఫిట్ టు పేజ్ తీసేయమని. అమెరికా ఫైళ్లు లెటర్ సైజులో ఉంటాయి కాబట్టి 100 శాతంలో అంచు తెగుతుంటే తగ్గించాల్సిందే, కానీ అన్ని పేజీలూ ఒకే శాతంలో తగ్గించమనండి. గోడల పేజీ 170 మీద ఒకసారి, మినార్ల పేజీ 100 మీద ఇంకోసారి తీయించుకుంటున్నప్పుడు ఒకటి ఫిట్‌లో, ఒకటి అసలు సైజులో వస్తే రెండూ కలవవు. రెండో మాట, మోడల్ పేజీల్ని ఒకే వైపు తీయమని, కొన్ని షాపుల్లో అలవాటుగా రెండు వైపులా తీసేస్తారు.

రెండు కాగితాలు కలిపేటప్పుడు

తెలుపు అన్ని కాగితాల్లో ఒకటే తెలుపు కాదు. ఒకటి నీలం వైపు ఉంటుంది, ఒకటి పాలమీగడ రంగు వైపు. తాజ్‌మహల్ లాంటి తెల్లటి మోడల్‌లో ఈ తేడా పగటి వెలుగులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వీలైతే ఒకే కంపెనీలో ఒకే రకం కాగితాన్ని రెండు బరువుల్లో తీసుకోండి. దొరక్కపోతే ఇంకో దారి. మోడల్ మొత్తాన్ని పల్చటి కాగితం మీదే, అంటే 100, 120 మీద తీసి, గోడల ముక్కలకి మాత్రం వెనక ఇంకో కాగితం అతికించి మందం పెంచండి. రంగు ఒకటే ఉంటుంది, మందం మీకు కావాల్సిన చోటే పెరుగుతుంది. ఈ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది, మందం గోడ గోడకీ నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉంటుంది.

అతికించేటప్పుడు తడి ఎక్కువైతే కాగితం ఉబ్బి, ఆరాక ఒక వైపుకి వంగుతుంది. ఫెవికాల్‌లో నీళ్లు కలపకండి, పాత ఏటీఎం కార్డు లాంటి దాంతో పల్చటి పొరగా లాగి, వెంటనే అతికించి, రెండు కాగితాల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. గ్లూ స్టిక్ అయితే తడి తక్కువ, చిన్న ముక్కలకి అదే మేలు. అట్ట మీద పెద్ద ముక్కలు అతికించాలంటే మ్యాట్ స్టికర్ పేపర్ మీద ప్రింట్ తీసుకుంటే జిగురు గోలే ఉండదు, కాకపోతే పెట్టిన చోటే ఉండిపోతుంది, సర్దడం కుదరదు కాబట్టి ఒక అంచు నుంచి మెల్లగా వేసుకుంటూ రండి.

మందపాటి కాగితాన్ని మడిచే ముందు గీత నొక్కాలి. రాయని బాల్ పెన్‌తో స్కేలు పెట్టి నొక్కితే 160కి సరిపోతుంది. 220 పైన ఉంటే రెండు మూడుసార్లు నొక్కాలి, కొందరు కత్తితో పైపొర కోస్తారు, అలా కోస్తే బయటి వైపు తెల్లటి గీత కనబడుతుంది, మడత కూడా బలహీనపడుతుంది. నేనైతే కోయొద్దంటాను. మందం పెరిగేకొద్దీ కోసిన అంచు తెలుపు కూడా ఎక్కువ కనబడుతుంది, ఆ ముక్క రంగుకి సరిపోయే స్కెచ్ పెన్‌నో, వాటర్ కలర్‌నో అతికించక ముందే అంచు మీద రాయండి. స్వీట్ బాక్స్ అట్ట లాంటి డ్యూప్లెక్స్ బోర్డుని పైకి కనబడే చోట వాడకపోవడానికి కారణం కూడా ఇదే, లోపలంతా బూడిద రంగు.

ఎక్కడ కొనాలి, ఎలా దాచాలి

మామూలు స్టేషనరీ షాపులో 75 జీఎస్ఎం, ఎగ్జిక్యూటివ్ బాండ్, చార్ట్, ఐవరీ దొరుకుతాయి. 120, 160 ఏ4 ప్యాకెట్లు అన్ని చోట్లా ఉండవు, ఆన్‌లైన్‌లో కలర్ కాపీ పేపర్ అనో, కార్డ్ స్టాక్ అనో వెతకండి, పేరు కాకుండా జీఎస్ఎం అంకె చూసి కొనండి. ప్రింటింగ్ ప్రెస్సుల్ని మర్చిపోకండి. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు వేసే ప్రెస్సుల్లాంటివి మీ ఊళ్లో ఉంటే వెళ్లి అడగండి, రకరకాల బోర్డులు వాళ్ల దగ్గర రోజూ తిరుగుతుంటాయి, ఏ బోర్డు ఎన్ని జీఎస్ఎమో తడుముకోకుండా చెప్తారు, కోత ముక్కలు కూడా మోడళ్లకి చక్కగా పనికొస్తాయి. కాగితం తయారయ్యే చోట్లు మన దగ్గరే ఉన్నాయి, భద్రాచలం పక్కన సారపాక, రాజమండ్రి, కాగజ్‌నగర్. అందులో సారపాక ఐటీసీ మిల్లు పెట్టెలకి, ప్యాకింగ్‌కి వాడే మందపాటి పేపర్ బోర్డుకి పేరున్నది.

తెచ్చిన కాగితాన్ని బయట పడేయకండి. కాగితం గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, అదీ పోగుకి అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో, వానాకాలంలో ఎక్కడైనా సరే, విప్పిన ప్యాకెట్ వారంలో అలలు తిరుగుతుంది, ప్రింటర్లో ఇరుక్కుంటుంది. ప్యాకెట్‌ని గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నిలబెట్టకుండా పడుకోబెట్టి దాచండి. ఎండాకాలం రాయలసీమ వైపు దీనికి తిరగేసి ఉంటుంది, బాగా ఎండిన కాగితం మడత దగ్గర పెళుసుగా విరుగుతుంది, అప్పుడు కావాల్సిన షీట్లని ఒక రాత్రి కూలర్ నడిచే గదిలో పెడితే మళ్లీ మెత్తబడతాయి, గాలి నేరుగా తగలకుండా చూసుకోండి. లేజర్ ప్రింటర్ నుంచి వేడిగా బయటికొచ్చి వంకర తిరిగిన పేజీలకి కూడా కారణం తేమ పోవడమే, పుస్తకాల కింద కాసేపు పెట్టాకే కోయడం మొదలెట్టండి.

మొదటిసారి కొంటున్నవాళ్లు పెద్ద ప్యాకెట్లు కొనకండి. 160 లేదా 170 మ్యాట్ చిన్న ప్యాకెట్ ఒకటి, 100 జీఎస్ఎం కొన్ని షీట్లు, ఇంట్లో ఎలాగూ ఉండే 75 చాలు, ఈ మూడిటితో చాలా మోడళ్లు అయిపోతాయి. మోడల్ మొత్తం ప్రింట్ తీసే ముందు అన్నిటికంటే చిన్న ముక్కలున్న ఒక్క పేజీ తీయండి. అందులో అన్నిటికంటే సన్నటి గొట్టం ఒకటి కోసి చుట్టండి, చిన్న పెట్టె ఒకటి మడవండి. గొట్టం అతుకు దగ్గర కోసు లేకుండా వచ్చి, పెట్టె మూలలు కలిస్తే అదే కాగితం మీద మిగతాది తీయొచ్చు. కలవకపోతే ఒక మెట్టు పల్చటిది తీసుకుని అదే పేజీ మళ్లీ తీసి చూడండి. మిగిలిన షీట్ల మీద ఒక మూల జీఎస్ఎం, పోగు బాణం పెన్సిల్‌తో రాసి కవర్లో పెట్టేయండి, రెండు నెలల తర్వాత 120 ఏదో 160 ఏదో చూపుతో పోల్చుకోవడం కష్టం.